పెద్దలూ పిల్లలూ కలిసే వారపు కూడిక ఏళ్ల తరబడి నడవాలంటే: సమగ్ర మార్గదర్శి

ఊళ్లో పెద్దవయసు వాళ్లనూ బడిపిల్లలనూ ఒకచోట కూర్చోబెట్టే కార్యక్రమం ఎలా మొదలుపెట్టాలని అడిగేవారు తక్కువ. మొదలుపెట్టినది నాలుగైదు నెలలకే ఎందుకు పలుచబడిపోతున్నదో, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో చెప్పమనేవారే ఎక్కువ. ఈ మార్గదర్శిని ఆ రెండో ప్రశ్న కోసం, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలను దృష్టిలో పెట్టుకొని రాశాను. పది పన్నెండు మంది పెద్దలు, పదిహేను ఇరవై మంది పిల్లలు వారానికొకసారి కలిసే చిన్న కూడికకు ఇది సరిపోతుంది.

నేను పాలుపంచుకున్న మొదటి ప్రయత్నం ఏడో వారానికి ఆగిపోయింది. రెండోది ఇప్పటికీ నడుస్తున్నది. రెంటిలోనూ ఉత్సాహం ఒక్కటే, ఏర్పాటు వేరు. అందుకే ఇక్కడ ఏర్పాటు గురించే చెబుతాను.

1. ప్రకటనకు ముందు ఆరు వారాలు: ఇల్లిల్లూ తిరగడం

మైకు, బ్యానరు, ప్రారంభోత్సవం పక్కన పెట్టండి. ఒక నోటుపుస్తకం తీసుకొని, ఊళ్లో అందరూ ఎరిగిన ఒక స్త్రీని (మహిళా సంఘం లీడరు గానీ, అంగన్‌వాడీ టీచరు గానీ) వెంటబెట్టుకొని పెద్దవాళ్లున్న ఇళ్లకు వెళ్లండి. ఒక సాయంత్రం మూడు ఇళ్లకు మించి వద్దు, ఎందుకంటే పెద్దవాళ్లు అసలు విషయం చెప్పేది అరగంట గడిచిన తర్వాతనే.

ప్రతి ఇంట్లో మూడు సంగతులు తెలుసుకోవాలి. వారి చేతిలో ఏ పని ఉన్నది, వారికి ఇప్పుడు ఎవరి సాయం కావలసి వస్తున్నది, ఏ పూట ఇల్లు కదలడం కుదరదు. మొదటిదాన్ని అందరూ అడుగుతారు. మిగిలిన రెండూ అడగకపోవడం వల్లనే కార్యక్రమాలు కూలిపోతాయి.

పెద్దవాళ్లంటే తీరిక ఉన్నవాళ్లని అనుకోకండి. నారాయణపేట, కొడంగల్, మక్తల్ వైపు పల్లెల్లో తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ (కూలీలను గుంపుగా దూరపు పనులకు తీసుకెళ్లే మనిషి) వెంట పోతే పిల్లలకు అన్నం వండేది, బడికి పంపేది, మేకలను చూసుకునేది నాయనమ్మలూ తాతలే. అలాంటి ఇంట్లో కూడిక వేళ వంటవేళతో ఢీకొంటే వారు ఎన్నటికీ రారు, రాలేమని చెప్పడానికి మొహమాటపడతారు కూడా.

ఒంటి సంగతి కూడా రాసుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) వల్ల నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఎందరో ఉన్నారు. వారు చాప మీద కూర్చోలేరు, కూర్చుంటే లేవలేరు. చెవి వినపడనివారు, కంటిలో పొర వచ్చినవారు ఎవరో ముందే తెలిస్తే, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలుతుంది.

ఆరు వారాలు ముగిసేసరికి మీ పుస్తకంలో ఉండవలసినవి:

- కనీసం ఇరవై మంది పెద్దల పేర్లు (వారిలో సగం మంది నిలకడగా వస్తారు)
- ప్రతి పేరు పక్కన ఒక పని, ఒక అవసరం, కుదరని పూట
- పెద్దల్లో సగం మందైనా స్త్రీలు
- ఊళ్లోని ప్రతి వాడ నుంచి, దళితవాడతో సహా, కనీసం ఇద్దరు
- బడి ప్రధానోపాధ్యాయుల మాట, పిల్లల తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సంతకాలు

నాలుగో గీత దగ్గర ఖాళీ ఉంటే ఇంకో రెండు వారాలు తిరగండి. తర్వాత పూరిద్దామనుకున్న ఆ ఖాళీ పూరినట్లు నేనెక్కడా చూడలేదు.

2. ఇద్దరికీ అక్కరకొచ్చే పని ఎంచుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది ఇక్కడ. "పెద్దలు కథలు చెబుతారు, పిల్లలు వింటారు" అనే ఏర్పాటు ఆరేడు వారాలకు మించి సాగదు. శాత్రాలు (జానపద కథలు) చెప్పగలిగిన మనిషి ఊరికి ఒకరిద్దరే ఉంటారు, తక్కినవారు కూర్చొని కూర్చొని ఇంటికి పోతారు. పిల్లలకైతే అది ఇంకో తరగతిలా తోస్తుంది. మా మొదటి ప్రయత్నం చచ్చిపోయింది చాలావరకు ఇందువల్లనే.

పెద్దలు లేకపోతే పిల్లలు చేయలేనిది, పిల్లలు లేకపోతే పెద్దలు చేయలేనిది అయిన పని కావాలి. అది వారం వారం కొంచెం పెరుగుతూ కంటికి కనిపించాలి. అనుభవంలో నిలిచిన మూడు పనులు ఇవి.

ఊరి పటం. పెద్ద డ్రాయింగు షీట్లను అతికించి, ఊరి చెరువు, తూములు (నీళ్లు వదిలే ద్వారాలు), అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు), కాలువలు, బావులు, చెల్కల (మెట్ట చేల) పేర్లు, పాత దారులు ఒక్కొక్కటిగా గీయడం. పేర్లూ దిక్కులూ పెద్దలకు తెలుసు, గీయడం రాయడం పిల్లలకు వచ్చు. ఒకనాడు ఎనిమిదో తరగతి అమ్మాయి చెరువుకు తూర్పున అలుగు గీస్తుంటే, డెబ్బై దాటిన ఒక పెద్దాయన చేతికర్రతో కాగితం అంచును తట్టి, "అది తూము బిడ్డా, అలుగు ఇటు" అన్నాడు. ఆమె రబ్బరుతో తుడిచింది, కాగితం చిరిగింది, ఆ చిరుగు మీద అతికించిన తెల్లకాగితం ముక్క పటంలో ఇప్పటికీ ఉన్నది. ఆ తర్వాత ఒక పాడుబడిన బావి "చింతల బాయి"నా "కుమ్మరోళ్ల బాయి"నా అని ఇద్దరు పెద్దల మధ్య మొదలైన వాదం మూడు వారాలు సాగింది. ఆ మూడు వారాలూ హాజరు పెరిగిందే తప్ప తగ్గలేదు. చివరికి పిల్లలే రెండు పేర్లూ రాశారు. ఇలాంటి తగవును తొందరపడి తీర్చకండి.

ఫోను, కాగితం. ముంబయిలోనో పుణెలోనో ఉన్న కొడుకుకు వీడియో కాల్ చేయడం, బ్యాంకు పాసుపుస్తకం చదవడం, మందుల పట్టీ మీద గడువు తేదీ చూడడం. ఒక్కో పెద్దకు ఒక్కో పిల్లను జోడీగా పెట్టాలి. పిల్ల తానే నొక్కేసి ఇవ్వకూడదు, పెద్దావిడ వేలితోనే నొక్కించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ, ఫోను మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలనీ, వృద్ధుల సహాయానికి 14567 అనే నంబరు ఉన్నదనీ ఇద్దరికీ వచ్చేదాకా చెప్పించాలి. పిన్ నంబరును మాత్రం పిల్లల ముందు నొక్కించవద్దు, కాగితం మీద రాయించవద్దు. రేపు వంద రూపాయలు తగ్గితే వేలు పిల్లల వైపే చూపుతుంది.

విత్తనాలు. బీర, సొర, అనుములు, చిక్కుడు, దోస వంటి పెరటి విత్తనాలను ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి దాచే పద్ధతి ఇంకా చాలామంది స్త్రీలకు చేతిలో ఉన్నది. వానాకాలం మొదట్లో బడి ఆవరణలో వేసి, గింజ కట్టాక మళ్లీ సీసాల్లో నింపితే, ఏడాది పొడుగునా పని ఉంటుంది. స్త్రీలు మాట్లాడే పని కావడం దీనిలోని అసలు మేలు. పటం దగ్గర మగవాళ్ల గొంతులే వినబడతాయి.

పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట వంటి నేత ఊళ్లలో చిటికి కట్టడం (రంగు అద్దేముందు నూలుకు ముడులు వేయడం), కండెలు చుట్టడం చూపించాలనిపించడం సహజమే. చూపించండి, చేతికీ ఇవ్వండి, అయితే పిల్లలు చేసినదేదీ అమ్మకానికి పోకూడదు. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడం చట్టం నిషేధించినది. నేర్చుకోవడం కూలిగా మారే గీత చాలా సన్ననిది, దాన్ని దాటనివ్వకుండా చూసే బాధ్యత నిర్వాహకులదే.

3. చోటు, తాళంచెవి

గుడి ఆవరణ, కులసంఘం భవనం, నాయకుడి ఇంటి అరుగు, ఈ మూడూ వద్దు. ఎవరూ ఎవరినీ రావద్దని అనకపోయినా, కొందరు గడప దగ్గరే ఆగిపోతారు. బడి వరండా, పంచాయతీ కార్యాలయం, రైతువేదిక (రైతుల సమావేశాల కోసం కట్టిన భవనం), అంగన్‌వాడీ వంటివి మేలు. రైతువేదిక ఊరికి దూరంగా ఉంటే నడవలేనివారిని ఎవరు తీసుకురావాలో ముందే తేల్చుకోవాలి.

చోటు ఖాయం చేయకముందు, మోకాళ్ల నొప్పి ఉన్న ఒక పెద్దావిడను అక్కడికి తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెట్టండి. మెట్లు, మరుగుదొడ్డి, ఎండ పడే మూల గురించి ఆమె చెప్పే మాటే లెక్క.

- చేతులు ఆనించుకునే కుర్చీలు, పెద్దలందరికీ సరిపోను
- నీళ్లున్న మరుగుదొడ్డి, అక్కడికి మెట్లు లేని దారి
- మంచినీళ్లు, నీడ, ఫ్యాను
- కాగితాలు, విత్తనాలు పెట్టుకోవడానికి తాళం వేసే పెట్టె
- గది తాళంచెవులు మూడు, మూడు వేర్వేరు ఇళ్లలో

ఆఖరు గీతను చిన్న విషయంగా తీసుకోకండి. మా మొదటి కూడిక ఆగిపోవడానికి ముందు వారం పదకొండు మంది పెద్దలు గేటు బయట గంటసేపు ఎండలో నిలబడి తిరిగి వెళ్లారు. తాళంచెవి ఉన్న ఒకే ఒక మనిషి పెళ్లికి పోయాడు. మరుసటి వారం గది తెరిచే ఉన్నది, వచ్చినవారు ఇద్దరు.

4. ఊరి కాలానికి తగ్గట్టు ఏడాది పట్టిక

"ప్రతి శనివారం, ఏడాదికి యాభై రెండు" అని రాసుకోవడం పట్నపు లెక్క. పల్లెకు తన కాలం ఉన్నది, దానితో పోరాడితే ఓడిపోయేది కార్యక్రమమే. ఏ వారాలు ఆపుతామో ముందే చెప్పి ఆపితే అది సెలవు అవుతుంది. చెప్పకుండా ఆగితే ఆగిపోయిందనే పేరు పడుతుంది.

- జూన్, జూలై: బడులు తెరిచే కాలం, పత్తి విత్తే కాలం, తర్వాత నాట్లు. పెద్దలు కూడా పొలానికి పోతారు. పదిహేను రోజులకొకసారి చాలు.
- ఆగస్టు, సెప్టెంబరు: ఏడాదిలో మంచి కాలం. కొత్త పని మొదలుపెట్టడానికి ఇదే అదను.
- బతుకమ్మ తొమ్మిది రోజులు: వేరే కూడిక పెట్టవద్దు. తంగేడు, గునుగు పూలకు పిల్లలు పెద్దావిడల వెంట వెళ్లడం, పాట నేర్చుకోవడం, అవే ఆ వారాల కూడికలు.
- అక్టోబరు నుంచి జనవరి దాకా: వరికోతలు, పత్తి ఏరడం. సాయంత్రం ఆలస్యంగా, తక్కువసేపు. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర సాగే రోజుల్లో ఆ చుట్టుపక్కల ఊళ్లవారు సెలవు ప్రకటించాలి. మాఘమాసంలో వచ్చే చెర్వుగట్టు, పెద్దగట్టు జాతరల వైపు ఊళ్లకూ ఆ రోజుల్లో ఇదే లెక్క.
- ఫిబ్రవరి, మార్చి: పదో తరగతి పిల్లలను వదిలేయండి. వారి చోట ఆరు, ఏడు తరగతుల పిల్లలను తెచ్చుకునే కాలం ఇది.
- ఏప్రిల్, మే: ఎండ. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది లోపే. వలస వెళ్లినవారు ఉగాదికో, ఏ నెలలో పడినా పీర్ల పండుగకో ఊరికి వస్తే, ఆ వారం వారిని కూడా పిలవండి. బయట పనిచేసే నడివయసు తరం ఈ కూడికను కళ్లారా చూసేది అప్పుడే.

మొత్తం మీద ఏడాదికి ముప్పై, ముప్పై ఐదు కూడికలు పడితే చాలు. ఈ పట్టికను రెండు నెలలకొకసారి జరగవలసిన గ్రామసభలో చదివి వినిపించండి, పంచాయతీ గోడ మీద అంటించండి.

5. ఒక కూడిక నడిచే క్రమం

గంటా పదిహేను నిమిషాలు దాటవద్దు. ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించేటప్పుడే లేవాలి.

మొదటి పది నిమిషాలు హాజరు. ఒక పిల్ల పుస్తకం పట్టుకొని ఒక్కొక్కరినీ వరుస పెట్టి పిలుస్తుంది: తాత, నాయనమ్మ, పెద్దమ్మ, పెద్దనాయన. ఇక్కడ ఒక కఠిన నియమం పెట్టాలి. మన ఊళ్లలో కొన్ని కులాల పెద్దలను పదేళ్ల పిల్లలు కూడా పేరు పెట్టి, ఏకవచనంలో పిలవడం ఇంకా పోలేదు. ఈ గదిలో అది కుదరదు. ప్రతి పెద్దకూ వరుస, ప్రతి పెద్దకూ "మీరు". మొదటిరోజే ఎవరినీ నొప్పించకుండా, ఎవరికీ మినహాయింపు ఇవ్వకుండా చెప్పాలి. మా దగ్గర ఒక తండ్రి దీన్ని సహించక తన కొడుకును మానిపించాడు. నాలుగు నెలల తర్వాత ఆ పిల్లవాడు తానే వచ్చి కూర్చున్నాడు.

తర్వాత నలభై నిమిషాలు జోడీలుగా పని. నిర్వాహకులు తిరుగుతూ ఉండాలి గానీ ముందు నిలబడి మాట్లాడకూడదు.

ఆపైన పావుగంట తినడం. ఉడకబెట్టిన పల్లీలు గానీ గుడాలు గానీ, చాయ. ముప్పై మందికి కిలోన్నర పల్లీలు సరిపోతాయి. షుగరున్న పెద్దలు ఉండనే ఉంటారు కనుక చక్కెర లేని చాయ వేరే గిన్నెలో కాయాలి. పళ్లు లేనివారికి పల్లీలకు బదులు మెత్తనిది ఏదైనా ఉండాలి.

చివరి పది నిమిషాల్లో ఆనాడు జరిగినది ఒక పిల్లవాడు అయిదు వాక్యాల్లో రాసి చదువుతాడు, ఒక పెద్ద తప్పులు దిద్దుతారు. వచ్చే వారం ఎవరు ఏమి తేవాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.

6. పిల్లల రక్షణ

అందరూ తెలిసినవారే కదా అని ఈ భాగాన్ని దాటవేయకండి.

- ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. పని అంతా వరండాలోనో తలుపులు తెరిచిన గదిలోనో జరగాలి
- కనీసం ఇద్దరు నిర్వాహకులు, వారిలో ఒకరు స్త్రీ, ప్రతిసారీ ఉండాలి
- చీకటి పడితే పిల్లలు గుంపుగా, పెద్ద తోడుగా ఇళ్లకు పోవాలి
- ఇళ్లలో అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టరాదు
- పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరు గోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాసి ఉండాలి

7. డబ్బు

ఈ కూడికకు ఎక్కువ డబ్బు అక్కరలేదు, ఎక్కువ డబ్బు వస్తే నష్టమే. మొదటి రెండేళ్లు రిజిస్ట్రేషన్ గురించి ఆలోచించవద్దు. ఆ తర్వాత అవసరమనిపిస్తే ఏడుగురు సభ్యులతో సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. అప్పటిదాకా ముగ్గురి పేరు మీద ఖాతా, ఏ ఇద్దరి సంతకంతోనైనా తీసుకునే వీలు ఉంటే సరిపోతుంది.

పల్లీలు, పాలు ఇళ్ల వంతున తెస్తే చాలా ఖర్చు తప్పుతుంది. బ్యానరు మీద తన ఫొటో వేయమనే దాత ఇచ్చేదాన్ని మర్యాదగా తిప్పి పంపండి, ఎందుకంటే ఎదుటి వర్గం వారి ఇళ్ల నుంచి పిల్లలు రావడం ఆ వారమే ఆగిపోతుంది.

8. బాధ్యత చేతులు మారే పద్ధతి

ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువగా ఒక మనిషి మీద ఆధారపడి పోతాయి. ఆ మనిషికి బదిలీ కావచ్చు, పెళ్లి కావచ్చు, పదవి పోవచ్చు. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గాల గడువు తీరి ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు, సర్పంచి ఒక్కరి చలవతో నడుస్తున్నవాటిని అడిగే దిక్కు లేకపోయింది. పంచాయతీ సాయం తీసుకోండి, గది అడగండి, పగ్గాలు మాత్రం అక్కడ పెట్టవద్దు.

మేము పాటిస్తున్న క్రమం ఇది. ప్రతి ఆరు నెలలకు ఒక పెద్ద, ఒక యువతి లేదా యువకుడు జంటగా బాధ్యులు. గడువు తీరేముందు రెండు నెలలు కొత్త జంట పాత జంట పక్కనే కూర్చొని పని చూస్తుంది. అప్పగింత రోజున అందరి ముందు మూడు వస్తువులు చేతులు మారతాయి: హాజరు పుస్తకం, లెక్కల పుస్తకం, తాళంచెవి. ఎంత సమర్థులైనా వరుసగా రెండోసారి అదే జంట ఉండకూడదు. సమర్థులే ఉండిపోవాలని అందరూ పట్టుబట్టే రోజు వస్తుంది, ఆ రోజే గట్టిగా నిలబడాలి.

పదో తరగతి దాటిన పిల్లలు నల్లగొండకో దేవరకొండకో వనపర్తికో కాలేజీకి పోతారు. వారి పేర్లు కొట్టివేయకండి. సెలవుల్లో వచ్చే "పాత పిల్లల" జాబితా ఒకటి వేరే పెట్టండి. రేపటి జంటలు దొరికేది అందులోనుంచే.

పెద్దలు చనిపోతారు. దీన్ని ముందే అనుకొని ఉండకపోతే మొదటి చావుతోనే పిల్లలు రావడానికి జంకుతారు. మా దగ్గర విత్తనాలు చూసుకునే ఒక పెద్దావిడ పోయిన వారం కూడిక ఆపాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాము. ఆపలేదు. ఆమె జోడీ అయిన ఆరో తరగతి పిల్ల, ఆవిడ చేత్తో కట్టిన అనుముల మూటను విప్పి, ఒక్కొక్కరికి పది గింజలు పంచింది. అప్పటి నుంచి ఎవరు పోయినా అదే పద్ధతి: కూడిక ఆగదు, వారు నేర్పినదాన్ని వారి జోడీ ఆనాడు చేసి చూపిస్తుంది, దినాలు అయ్యాక ఆ పిల్లకు కొత్త జోడీని కుదురుస్తాము.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

పిల్లలు వస్తున్నారు, పెద్దలు తగ్గిపోతున్నారు. వేళ తప్పు అయి ఉంటుంది, లేదా పెద్దలకు పని లేక చూస్తూ కూర్చుంటున్నారు. రెండు వారాలు రానివారి ఇంటికి ఫోను చేయకుండా, వారి జోడీ పిల్లను వెంటబెట్టుకొని వెళ్లండి.

పెద్దలు వస్తున్నారు, పిల్లలు జారుకుంటున్నారు. ఎవరో ఒక పెద్దాయన నీతులు చెబుతూ ఉండవచ్చు. ఆయనను నొప్పించకుండా హాజరు పుస్తకం దిద్దే పని అప్పగించండి. చదువు పాడవుతున్నదని ఇళ్లలో అనుమానం ఉంటే టీచరు చేత చెప్పించండి.

మగవాళ్లే మాట్లాడుతున్నారు. స్త్రీలకు వేరే బల్ల, వేరే పని, మొదటి వంతు.

ఒక పెద్ద మద్యం సేవించి వచ్చారు. లోపలికి రానివ్వకూడదు. గేటు దగ్గరే, అదే వయసు మనిషి చేత, మర్యాదగా ఇంటికి పంపించాలి. మరుసటి వారం ఏమీ జరగనట్లు పిలవాలి. మూడోసారి అయితే పేరు తీసేయాలి.

బడికి కొత్త ప్రధానోపాధ్యాయులు వచ్చి గది ఇవ్వనన్నారు. వాదించకండి. ఊరి పటం తీసుకెళ్లి వారి బల్ల మీద పరచండి, ఇద్దరు పిల్లల చేత వివరింపజేయండి. అప్పటికీ కాకపోతే పంచాయతీ వరండాకు మారండి. ఏది ఏమైనా ఆ వారం కూడిక తప్పకూడదు.

వరుసగా మూడు వారాలు ఆరుగురి కన్నా తక్కువ వచ్చారు. కార్యక్రమాన్ని పెంచే ప్రయత్నం మాని, పదిహేను రోజులకొకసారికి తగ్గించండి, మొదటి భాగంలో చెప్పిన పుస్తకం తీసుకొని మళ్లీ రోజుకు మూడు ఇళ్లు తిరగండి. పాత పేజీల పక్కనే కొత్త జవాబులు రాస్తే, రెండేళ్లలో ఎవరి మోకాళ్లు ఎంత ముదిరాయో, ఏ ఇంటి పిల్లలు ఎక్కడికి పోయారో, ఏ పూట ఇప్పుడు కుదరదో కనబడుతుంది. ఏడాది పట్టికను దాన్నిబట్టే తిరగరాయాలి.